గుడారంలో పెళ్ళిచూపులు

ముప్పై మూడు డిగ్రీల ఉక్కలో, మెడ నుంచి మడమల దాకా మందపాటి మంగోల్ అంగీ తొడుక్కుని నిలబడ్డ అమ్మాయితో ఎవరూ వాదన పెట్టుకోకూడదు. ఈ సంగతి సాయిబాబుకి ఎవరూ చెప్పలేదు పాపం.

"ఆ ముడి జారిపోద్దండి," అన్నాడు కంచె అవతలి నుంచి.

భువన చేతిలో తాడు వదలకుండానే తల తిప్పింది. నీలం టీషర్టు, చేతిలో ఉల్లిపాయల సంచీ, మొహంలో తప్పుగా జరిగే పనిని చూస్తూ ఊరుకోలేని మనిషి బాధ. సింగపూర్‌లో ఆంగ్ మో కియో కమ్యూనిటీ క్లబ్ వెనక బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఆదివారం మధ్యాహ్నాలు చాలామందే ఆగుతారు. ఒక పక్క ఇనుప కవచాలేసుకుని కత్తులు తిప్పుకునే వాళ్ళు, ఇంకో పక్క మంగోలుల గుండ్రటి గుడారం నిలబెట్టలేక తంటాలుపడే వాళ్ళు. చూస్తే ఎవరికైనా ఆగాలనిపిస్తుంది. ఫోటో తీసుకుంటారు, నవ్వుకుంటారు, పోతారు. ముడి గురించి మాట్లాడిన మొదటి మనిషి ఇతనే.

"నేను తెలుగని మీకెలా తెలుసు?"

"ఇందాక గుడారాన్ని తిట్టేరు కదండి."

తిట్టిన మాట నిజమే. అయినా తిట్టుకునే హక్కు తనకి ఉంది, ఆ గుడారం గుడ్డ కుట్టిన నలుగురిలో తనూ ఒకతె.

"జారదు," అంది. "మంగోలియా వాళ్ళు కట్టిన వీడియో నాలుగుసార్లు చూశాను. వాళ్ళకి తెలీదా?"

"వాళ్ళు బాగానే కట్టుంటారండి. మీరు తిరగేసి కట్టేరు."

అతనలా అంటుండగానే ముడి జారింది. గోడ చుట్టూ బిగించిన పట్టీ వదులైపోయి, తడికలాంటి చెక్క గోడ నింపాదిగా విచ్చుకుంది. పైనున్న వాసాలు ఒకటొకటే రాలడం మొదలుపెట్టాయి. సాయిబాబు ఉల్లిపాయలు వదిలేసి గేటులోంచి పరుగెత్తుకొచ్చాడు. భువన నెత్తిమీదకి దిగుతున్న వాసాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ హడావిడిలో ఆమె కాలు తొక్కాడు.

భువన వెంటనే కుడి చెయ్యి చాచింది. సాయిబాబు వెంటనే వాసం కింద పడేసి, వంగి, ఆమె మోచేతిని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. కాసేపు ఒకరి చెయ్యి గాల్లోనూ, ఇంకొకరి చెయ్యి కళ్ళమీదా ఉండిపోయాయి.

"ఇదేంటి?" అంది భువన.

"కాలు తగిలింది కదండి."

"కాలు తగిలితే చెయ్యి కలపాలి. మంగోలుల పద్ధతి. కలపకపోతే ఇద్దరి మధ్యా పగ మిగిలిపోతుంది."

"కాలు తగిల్తే కళ్ళకద్దుకోవాల. మన పద్ధతి."

"ఇది మా శిబిరం. ఇక్కడ మా పద్ధతే."

సాయిబాబు చాచిన చేతిని చూశాడు. తన చెయ్యి టీషర్టుకి తుడుచుకుని కలిపాడు. అరచెయ్యి కొబ్బరి పీచు తాడులా గరుగ్గా ఉంది. భువనకి ఆ చెయ్యి నచ్చింది. నచ్చిందని ఒప్పుకోడానికి మాత్రం ఆమెకి మూడు నెలలు పట్టింది.

*

ఆ బృందాన్ని మొదలుపెట్టింది హెన్రీ అంకుల్. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్కసారి మంగోలియా వెళ్ళొచ్చి, అప్పటిదాకా యూరప్ వీరుల వేషాలేసుకునే కుర్రకారులో సగంమందిని గుర్రపు వీరుల్ని చేసేశాడు. గుర్రాలొక్కటే తక్కువ. ప్లాస్టిక్ స్టూళ్ళమీద కూర్చుని బాణాలేసేవాళ్ళు.

అంకుల్ పెట్టిన నియమం ఒకటుంది. కోర్టు చుట్టూ కట్టిన తెల్ల తాడు దాటి లోపలికొస్తే ఈ కాలం ప్రశ్నలు అడగకూడదు. ఏం ఉద్యోగం, ఏ వీసా పాస్ మీదున్నావు, ప్రైవేటు కాండోనా ప్రభుత్వ ఫ్లాటా, ఏ యూనివర్సిటీ, ఇవేవీ కుదరవు. ఎవరైనా ఎదురైతే మంగోలులు పలకరించినట్టు "మీ మందలు బాగా కొవ్వెక్కాయా?" అని అడగాలి. వారమంతా వన్-నార్త్ పరిశోధనా కేంద్రంలో ల్యాబ్‌లో కూర్చుని, ఇంటికి రాగానే ఏ సంబంధానికి ఎంత జీతమో వినే భువనకి ఆ తాడు లోపలి మూడు గంటలంటే ప్రాణం.

సాయిబాబు తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు, ఈసారి ఉల్లిపాయల్లేకుండా.

"మీ మందలు బాగా కొవ్వెక్కాయా?" అడిగింది భువన బింకంగా.

"మాకు మందల్లేవండి. పడవుంది. మా ఊర్లో, బారువ సముద్రం దగ్గర."

"పడవ బాగుందా మరి?"

"చిల్లు పడ్డాది. తమ్ముడు బాగుచేస్తన్నాడు."

నవ్వు ఆపుకోవడానికి భువన టోపీ సర్దుకోవాల్సొచ్చింది.

ఆ పూట నుంచి గుడారం పడిపోలేదు. సాయిబాబు పట్టీ బిగించే తీరు చూసి హెన్రీ అంకుల్ "దిస్ ఫెలో సాలిడ్ లా," అని, గట్టివాడే అన్నట్టు వీపు చరిచాడు. బాణం వెయ్యడం సాయిబాబుకి రాలేదు. గొంతు లోపలి నుంచి ఒకేసారి రెండు స్వరాలు పలికే మంగోల్ పాట నేర్చుకుంటానని మొండికేసి, అరగంట గురగురలాడితే, ఎదురు బ్లాకులో ఆరో అంతస్తు ఆంటీ ఠపీమని కిటికీ మూసేసింది.

"మీకు రాదు. వదిలెయ్యండి," అంది భువన.

"ఆవిడ కిటికీ మూసేదంటే వినపడ్డట్టే కదండి. సగం వచ్చినట్టే."

సాయంత్రం అందరూ తినడానికి హాకర్ సెంటర్‌కి పోయేవాళ్ళు. ఊరంతా టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేస్తే, అంటే తమదని పట్టి ఉంచుకుంటే, వీళ్ళు మంగోల్ టోపీ పెట్టి చేసేవాళ్ళు. క్రమంగా మిగతావాళ్ళు లేచి వెళ్ళిపోవడం, వీళ్ళిద్దరూ ఐస్ కరిగిపోయిన టీ గ్లాసులతో మిగిలిపోవడం అలవాటైంది. పడవ తాళ్ళ నుంచి తుపాన్ల దాకా అతను చెప్పేవాడు. గంటలు కట్టుకున్న మంగోల్ వార్తాహరులు గుర్రాలు మార్చుకుంటూ దేశాలు దాటిపోయిన కథలు ఆమె చెప్పేది. వాన పడితే ఇద్దరికీ సంతోషం. వాన ఆగేదాకా లేవక్కర్లేదు.

తప్పు అక్కడే జరిగింది. తాడు బయటికొచ్చాక కూడా ఆ నియమం తియ్యలేదు ఇద్దరూ. అతను షిప్‌యార్డ్ అని ఒకసారి అంటే భువన మెరైన్ ఇంజనీరు అనేసుకుంది. ఈమెకి తెలిసే ఉంటుంది, మర్యాదకి అడగడం లేదు అని సాయిబాబు అనుకున్నాడు. ప్రేమలో పడ్డవాళ్ళకి ఇంత తెలివి తక్కువతనం మామూలే.

*

భువన మూడు నెలల్లో అడగనిది ఆమె తండ్రి సుధాకరరావు మూడు నిమిషాల్లో అడిగేశాడు.

కమ్యూనిటీ క్లబ్ స్టోర్ రూముకి రంగులేస్తున్నారు. గుడారం వాసాలు ఎక్కడ పెట్టాలో తెలీక, భువన తమ ఫ్లాట్‌లో పెడతానంది. ఎనభై ఒక్క వాసాలు. సాయిబాబు మూడు కట్టలు కట్టి భుజాన వేసుకొచ్చాడు. భువన తల్లి ప్రభావతి తలుపు తీసి, దారిలో ఉన్న చెప్పులన్నీ పక్కకి జరిపింది. సుధాకరరావు సోఫాలోంచి లేవకుండానే పలకరించాడు. బ్యాంకు ఐటీలో పెద్ద హోదా, తెలుగువాళ్ళ ఏ ఫంక్షన్లో అయినా ముందు వరస కుర్చీ ఆయనది.

"ఏ కంపెనీ?"

సాయిబాబు చెప్పాడు.

"ఇంజనీరా?"

"కాదండి. రిగ్గర్ని. బరువులకి తాళ్ళు కట్టి క్రేనుకి ఎక్కిస్తాం."

"వర్క్ పర్మిటా?"

"అవునండి."

"ఉండేది?"

"బూన్ లే అవతల డార్మిటరీలోనండి. గదికి పన్నెండుమందిమి."

సుధాకరరావు గొంతు ఒక్కసారిగా చాలా మర్యాదగా మారిపోయింది. భువనకి ఆ మర్యాద బాగా తెలుసు. తండ్రి మనుషుల్ని దూరం పెట్టేటప్పుడు వాడేది అదే. "ప్రభా, అబ్బాయికి కాఫీ ఇవ్వు. పేపర్ కప్పులో ఇవ్వు, దారిలో తాగుతాడు," అన్నాడు. తర్వాత తనే లిఫ్ట్ దాకా దిగబెట్టడానికి వెళ్ళాడు. ఇరవై నిమిషాలైనా రాలేదు.

వచ్చాక భువన ఒంటికాలి మీద లేచింది. "ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి ఇంటర్వ్యూ చేస్తారా? ఎవరైనా మంగోలియాలో గుడారంలోకొస్తే ముందు టీ ఇస్తారు, తర్వాత పేరడుగుతారు."

"మనం మంగోలియాలో లేం."

"అదే కదా నా ఏడుపు."

"చూడు భువనా. వచ్చే నెల మొదటి ఆదివారం లోహిత్ వాళ్ళు నిన్ను చూడ్డానికొస్తున్నారు. ఆ అబ్బాయి మంచి బ్యాంకులో ఉన్నాడు. ఈ గుడారాలూ టోపీలూ చాలించు."

ప్రభావతి ఇందాక జరిపిన చెప్పులు మళ్ళీ వరసలో పెడుతోంది. ఆయన మాట్లాడుతుంటే ఆవిడ మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు సాయిబాబు రాలేదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపించాడు. భువనకి ఆ బొటనవేలు చూస్తే ఒళ్ళు మండిపోయింది.

*

భువన బూన్ లేలో ట్రైన్ దిగి, షిఫ్ట్ వదిలే టైముకి హాకర్ సెంటర్లో కూర్చుని "వస్తావా, డార్మిటరీ గేటు దగ్గరికే రానా?" అని మెసేజ్ పెట్టింది. పది నిమిషాల్లో వచ్చాడు. మొహం మీద కళ్ళద్దాల మేరకి తెల్లగా, మిగతా అంతా మసి. నెత్తిన హెల్మెట్ ఉన్న సంగతి కూడా మర్చిపోయాడు.

"ఇక్కడికెందుకొచ్చేరండి? అందరూ చూస్తన్నారు."

"చూడనీ. మా నాన్న లిఫ్ట్ దగ్గర ఏమన్నాడు?"

సాయిబాబు హెల్మెట్ తీసి టేబుల్ మీద పెట్టాడు. "తప్పేం మాట్లాళ్ళేదండి. పర్మిట్ మీదున్నోళ్ళు మీలాగ ఇక్కడ పౌరసత్వమున్నోళ్ళని పెళ్ళాడాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, తెలుసా అని అడిగేరు. తెలుసన్నాను. ఇస్తారో ఇవ్వరో ఎవరూ చెప్పలేరు, మా అమ్మాయి జీవితం ఆ కాయితం కోసం వేలాడాలా అన్నారు."

"తర్వాత?"

"వచ్చే నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోద్ది. యార్డు వాళ్ళు మళ్ళీ రాయిస్తామన్నారు. సంతకం పెట్టకుండా ఎల్లిపొమ్మని అడిగేరు. చేతులు పట్టుకుని అడిగేరండి, పెద్దాయన. మాట ఇచ్చేను."

భువనకి కోపం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. "నా గురించి మీరిద్దరూ మాట ఇచ్చిపుచ్చుకున్నారు. లిఫ్ట్ దగ్గర. నన్ను అడిగారా? అసలు పెళ్ళి మాట ఎవరెత్తారు? నేనంటే ఇష్టమని నువ్వు నాతో అన్నావా ఎప్పుడైనా?"

సాయిబాబు హెల్మెట్ పట్టీ విప్పి, మళ్ళీ బిగించాడు.

"చెప్పు. ఇష్టం లేదని చెప్పు. నేనీ ట్రైనెక్కి వెళ్ళిపోతాను."

"అలాగ అబద్ధం చెప్పలేనండి."

"అయితే నిజం చెప్పు."

"నిజం చెప్తే మాట తప్పినట్టవుద్ది. మా ఇంటిలో మాట తప్పినోళ్ళు లేరు."

"మొండితనంలో నా మీద నువ్వే గెలుస్తున్నావ్," అంది భువన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఓడినట్టుంటుందని. "సరే. ఎప్పటిలోగా సంతకం పెట్టాలి?"

"వచ్చే సోమవారంలోగా."

"ఆదివారం పార్కులో మన గుడారం జనం కోసం పెడుతున్నాం. పర్మిషన్ వచ్చింది. హెన్రీ అంకుల్‌కి పట్టీ బిగించేవాళ్ళు ఎవరూ లేరు. గుడారానికి నువ్వేం మాట ఇవ్వలేదుగా?"

సాయిబాబు హెల్మెట్ మళ్ళీ నెత్తిన పెట్టుకుని లేచాడు. "గుడారం కట్టడానికైతే వస్తాను," అన్నాడు.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర భువన చెప్పేసింది. "ఆదివారం నేను పార్కులో ఉంటాను. నన్ను చూడాలనుకున్నవాళ్ళు అక్కడికే రావాలి."

"పెళ్ళిచూపులు పార్కులోనా? ఆ వేషంలోనా?" సుధాకరరావు చేతిలో ముద్ద కంచంలోకి జారిపోయింది.

"నేను ఆ వేషంలోనే నేనుగా ఉంటాను నాన్నా. చీర కట్టుకుని ట్రే పట్టుకుంటే వాళ్ళు చూసేది ట్రేని."

"లోహిత్ వాళ్ళమ్మ రాధగారికి నేనేం చెప్పుకోవాలి?"

"గొడుగు తెచ్చుకోమని చెప్పండి."

సుధాకరరావు అరిచాడు, బతిమాలాడు, బీపీ మాత్ర వేసుకున్నాడు. కూతురు మెత్తబడలేదు. చివరికి ఆయనే రాధగారికి ఫోన్ చేసి, మా అమ్మాయికి కల్చరల్ యాక్టివిటీస్ ఎక్కువండీ, పిల్లలు అక్కడైతే ఫ్రీగా మాట్లాడుకుంటారు అని చక్కగా తియ్యటి పూత పూసి చెప్పుకోవాల్సొచ్చింది.

*

ఆదివారం నాలుగింటికి పెళ్ళివారు గుడారం ముందు నిలబడ్డారు. లోహిత్ ఇస్త్రీ చొక్కాలో, వాళ్ళమ్మ రాధ పట్టుచీరలో, సుధాకరరావు ముఖమంతా నవ్వు పులుముకుని, ప్రభావతి వెనకగా. తలుపు తక్కువ ఎత్తులో ఉంది. వంగితేగానీ లోపలికి పోవడం కుదరదు.

"గడప తొక్కకండి ఆంటీ," అంది భువన.

"మాకూ ఉందమ్మా ఆ పట్టింపు," అంది రాధ. ఆవిడ మొహం కాస్త విప్పారింది.

గుడారం లోపల చల్లగా ఉంది. నడినెత్తిన చక్రంలాంటి చెక్క వలయం, దాంట్లోంచి ఆకాశం. ఎడమ పక్క అతిథులు కూర్చోవాలని భువన చెప్పింది. కుడి పక్క వెనకాల, పట్టీలు సరిచూస్తున్నట్టు నటిస్తూ సాయిబాబు ఉన్నాడు. అతన్ని చూడగానే సుధాకరరావు నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఈ అబ్బాయి ఇక్కడెందుకు?"

"గుడారం కట్టింది ఆయనే," అంది భువన, గిన్నెల్లో టీ పోస్తూ.

రాధ తీపి టీ అనుకుని పెద్ద గుక్క తాగింది. మంగోలుల టీలో వేసేది ఉప్పు. ఆవిడ మొహంలో మారిన రంగులు లోహిత్ చూశాడు, తన గిన్నె నెమ్మదిగా కింద పెట్టేశాడు.

"ఇది మజ్జిగా?" అంది రాధ, గుక్క తిప్పుకుని.

"టీయే ఆంటీ. గుర్రమెక్కి రోజంతా తిరిగేవాళ్ళకి ఉప్పు కావాలి."

"మా వాడు కారులో తిరుగుతాడమ్మా."

భువనకి ఆవిడంటే ఇష్టం కలిగింది. అందుకే ఇంక ఆలస్యం చెయ్యకుండా నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. అప్పుడే గాలి వచ్చింది.

సింగపూర్ వాన చెప్పి రాదు. మెరుపు లేదు, ఉరుము లేదు, ఉత్త గాలి. పార్కులో చెట్లన్నీ ఒక్కసారి ఒక పక్కకి ఒరిగాయి. వెనకే వాన, కుండలతో కుమ్మరించినట్టు. గుడారం పైకప్పు ఊపిరి పీల్చినట్టు ఉబ్బింది. వాసాలు కిర్రుమన్నాయి. నెత్తిమీది వలయం కళ్ళముందే జానెడు పైకి లేచింది.

బయట హెన్రీ అంకుల్ "హోల్డ్ ద సెంటర్! హోల్డ్!" అని అరుస్తున్నాడు.

వలయం నుంచి ఎప్పుడూ ఒక తాడు వేలాడుతుంటుంది. మామూలు రోజుల్లో దాన్ని వాసాల మధ్య దోపి వదిలేస్తారు. గాలివాన వచ్చిందంటే ఇంట్లో వాళ్ళంతా దానికి వేలాడి, తమ బరువుతో ఇంటిని నేలమీద ఉంచుకుంటారు. సాయిబాబు ఒక్క గెంతులో ఆ తాడు అందుకున్నాడు. భువన పక్కనే పట్టుకుంది. ఇద్దరి బరువూ చాల్లేదు. సాయిబాబు మడమలు నేలనొదిలాయి.

"ఇంకా బరువు కావాల," అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం లేదు. రోజూ క్రేన్ల కింద మనుషుల ప్రాణాలు చూసుకునే వాడి గొంతు అది. "లోహిత్ గారూ, ఇటు రండి. సార్, మీరూ. బేగి."

సుధాకరరావు తొంభై రెండు కిలోలు. జీవితంలో మొదటిసారి ఆ బరువుతో నలుగురికి పని పడింది. షూస్ జారుతుంటే వచ్చి తాడు పట్టుకున్నాడు. ఆయన చేతుల కింద సాయిబాబు చేతులు, పైన లోహిత్ చేతులు. వలయం దిగి తన చోట్లో కూర్చుంది. రాధ, ప్రభావతి ఒక మూల ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

"వదలకండి," అన్నాడు సాయిబాబు. "వదిలితే కప్పంతా ఆడోళ్ళ మీద పడిపోద్ది. గాలి తగ్గేదాకా ఎవరూ కదలొద్దు."

భువన తండ్రిని చూసింది. ఇంత దగ్గరగా, ఎక్కడికీ లేచిపోలేకుండా, ఫోన్ తీసి మొహానికి అడ్డం పెట్టుకోలేకుండా ఆయన ఆమెకి ఎప్పుడూ దొరకలేదు.

"నాన్నా," అంది. "నేను సాయిబాబుని ప్రేమించాను."

"ఇప్పుడా?" సుధాకరరావు గొంతు పీలగా వచ్చింది. "ఇదా టైము?"

"ఇదే టైము. ఇంట్లో చెప్తే మీరు లేచి గదిలోకి పోతారు. లోహిత్, ఐయామ్ సారీ. ఆంటీ, సారీ. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పబోయినా వినేవాళ్ళు లేక మిమ్మల్ని ఇంతదూరం రప్పించాను. అతను రిగ్గర్. గదికి పన్నెండుమంది ఉండేచోట ఉంటాడు. నాకంటే తక్కువ సంపాదిస్తాడు. ఇవన్నీ నాకు తెలుసు. అనుమతి రావడం కష్టమనీ తెలుసు. తెలిసే చెప్తున్నాను. నేను మిమ్మల్ని అడగడం లేదు నాన్నా, చెప్తున్నాను."

వాన గుడ్డమీద దబదబా బాదుతోంది. లోహిత్ తాడు పట్టుకునే నెమ్మదిగా అన్నాడు. "నో ప్రాబ్లమ్ అండీ. నిజం చెప్పాలంటే నన్నూ మా అమ్మే లాక్కొచ్చింది."

"నోర్ముయ్యరా," అంది రాధ.

సుధాకరరావు మెడ తిప్పి సాయిబాబుని చూశాడు. ఇద్దరి మొహాల మధ్యా బెత్తెడు దూరం. "ఏమయ్యా. నాకు మాట ఇచ్చావు నువ్వు."

సాయిబాబు కిందికి చూడలేదు. ఇన్ని నెలల్లో భువన మొదటిసారి చూసింది, ఒక పెద్దవాడి ముందు అతను తల దించకపోవడం.

"ఇచ్చేనండి. ఇప్పటిదాకా ఎవరికిచ్చిన మాటా తప్పలేదు. ఇది తప్పుతాను. రేపు యార్డులో సంతకం పెడతాను. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. ఆ మాట ఆమెకి చెప్పకుండా మీకు మాట ఇవ్వడమే నేను చేసిన తప్పు. అనుమతికి అప్లై చేస్తాను. కాదంటే మళ్ళీ చేస్తాను. మళ్ళీ కాదంటే మళ్ళీ. మీరు తిట్టండి, కొట్టండి. తాడు మాత్రం వదలకండి."

భువనకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చేతులు ఖాళీ లేవు కాబట్టి రెండూ దాచుకోలేకపోయింది.

"నేను ఒప్పుకోను," అన్నాడు సుధాకరరావు. "మనవాళ్ళందరికీ నేనేం మొహం చూపించాలి? రిగ్గర్ అని చెప్పుకోవాలా?"

"ఆ అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనేనా బాబూ?"

ఈ మాట ఎవరన్నారో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ప్రభావతి మూల నుంచి నడిచొచ్చి మధ్యలో నిలబడింది. బ్యాగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది, ఫోన్ తీసింది.

"ఆన్‌లైన్‌లోనేనండి," అన్నాడు సాయిబాబు.

"మీ అమ్మగారి పేరు?"

"బాలనాగమ్మండి."

"నంబర్ చెప్పు. ఆవిడతో నేను మాట్లాడతాను."

"ప్రభా," అన్నాడు సుధాకరరావు. "ఏం చేస్తున్నావు నువ్వు?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా మీరు చెప్పింది వింటున్నాను. ఆ రోజు పేపర్ కప్పులో కాఫీ పోసిచ్చింది నేనే. ఆ పిల్లాడు థాంక్స్ చెప్పి తీసుకున్నాడు. అప్పటి నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు." ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదకి తోసుకుంది. "మీరు మాట్లాడకండి. తాడు పట్టుకోండి."

సుధాకరరావు భార్యని చూశాడు. కూతుర్ని చూశాడు. బయట గాలి మళ్ళీ విసిరికొట్టింది, కప్పు మళ్ళీ ఉబ్బింది. ఆయన పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి, తాడు ఒక మెలిక చేతికి చుట్టుకున్నాడు.

"చేతికి చుట్టకూడదు మావయ్యగారూ," అన్నాడు సాయిబాబు కంగారుగా. "వేళ్ళు తెగిపోతాయి. అలాగ కాదు."

ఆ పిలుపు నోట్లోంచి జారిపోయాకగానీ అతనికి తెలియలేదు. గుడారంలో అందరికీ వినపడింది. రాధ టీ గిన్నె వెతుక్కుని, ఉప్పగా ఉన్నా సరే ఇంకో గుక్క తాగింది.

సుధాకరరావు చేతికి చుట్టుకున్న మెలిక విప్పాడు.

"మరెలాగ?" అన్నాడు.

సాయిబాబు ఆయన వేళ్ళు ఒక్కొక్కటే తీసి, తాడు మీద పెట్టి చూపించాడు.